నా రిజిస్టరులో పాసైన ఒకే ఒక్కడు

ముప్పై అయిదు వస్తే పాసు. మా బడిలో పిల్లలకైనా, నా రిజిస్టరులో రాజులకైనా అదే నియమం. పిల్లలు ఎలాగోలా గట్టెక్కేవాళ్ళు. రాజుల్లో మాత్రం ఒక్కడూ గట్టెక్కలేదు.

రెండు వేల సంవత్సరం దాటాక కొన్నేళ్ళు నేను బూర్గంపాడు మండలంలో ఒక హైస్కూల్లో సోషల్ చెప్పాను. ఒక జూన్‌లో హాజరు రిజిస్టరు ఒకటి ఎక్కువ వచ్చింది. తిప్పి పంపడానికి బద్ధకించి, పిల్లల పేర్లు రాసే చోట పాఠాల్లో వచ్చే రాజుల పేర్లు రాశాను. తేదీల కోసం గీసిన గళ్ళు కలిపి అయిదు పెద్ద గళ్ళు చేశాను. పరిపాలనకు ఇరవై, రైతుల పట్ల తీరుకు ఇరవై, స్త్రీల స్థితికి ఇరవై, కులం విషయంలో నడతకు ఇరవై, పరమత సహనానికి ఇరవై. పాఠం అయ్యాక పిల్లలు వాదించుకోవాలి, చివర్లో నేను మార్కులు చెప్పాలి. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఇక్కడ తీర్పు పడేవాడు చచ్చి వందల ఏళ్ళయింది కాబట్టి మరీ లోకువ.

చెరువులు తవ్వించిన ఒక రాజుకు పరిపాలనలో పద్దెనిమిది వేసి, అంతఃపురం నిండా రాణులున్నందుకు స్త్రీల గడిలో సున్నా చుట్టాను. ఎదుటి మతం వాళ్ళ గుళ్ళకు మాన్యాలిచ్చిన నవాబుకు సహనంలో ఇరవైకి ఇరవై ఇచ్చి, అదంతా రైతుల గడి దగ్గర లాగేసుకున్నాను. యుద్ధం చేసి, శవాలు చూసి పశ్చాత్తాపపడిన వాడికి ఇరవై ఎనిమిది వచ్చాయి. ఒక అమ్మాయి లేచి పశ్చాత్తాపానికి ఏమీ కలపరా సార్ అని అడిగింది. ఆ గడి లేదమ్మా, కూర్చో అన్నాను. గోదావరి అవతలి గుళ్ళో పూజలందుకునే రాజు జోలికి మాత్రం నేనెప్పుడూ పోలేదు. ధైర్యం లేక కాదు, బదిలీ ఇష్టం లేక.

నా రిజిస్టరు మండలమంతా ప్రసిద్ధి. ఎంఈవో గారు కూడా ఒకసారి తెప్పించుకుని చూసి, తనకు ఇష్టమైన రాజు ఎందుకు ఫెయిలయ్యాడో అడిగి, నా జవాబు విని దిగులుగా తిరిగిచ్చేశారు. నన్ను ఎదిరించేవారు ఒక్కరే ఉండేవారు, మా తెలుగు పంతులుగారు. మధ్యాహ్నం స్టాఫ్ రూములో క్యారేజీ విప్పుతూ, "ఆ కాలం అలాంటిది మాస్టారూ. ఇవాళ్టి తక్కెడతో నిన్నటి సరుకు తూచకూడదు" అనేవారు. కాలం మీదికి నెట్టేస్తే లోకంలో నేరస్తుడే మిగలడు అని నేను ఎగిరిపడేవాణ్ణి. ఆయన పప్పన్నం కలుపుకుంటూ నవ్వేవారు. ఆ నవ్వు నాకు ఒళ్ళు మండించేది. వాదనలో ఓడిపోయి కూడా నవ్వగలిగే మనుషులంటే నాకు చిన్నప్పట్నుంచీ పడదు.

మా సొంత ఊరు ఆ బడికి ఎనిమిది కిలోమీటర్లు. పంచాయతీ ఒకటే గానీ ఊరు మూడు ముక్కలు. నడుమ మా బోటి వాళ్ళ పెంకుటిళ్ళు, డాబాలు; కాలవ దాటితే తండా; ఇంకా లోపలికి, అడవి మొదలయ్యే చోట కోయగూడెం. మా తాతయ్య కృష్ణ ఒడ్డు నుంచి రెండెడ్ల బండి మీద వచ్చి ఇక్కడ దిగాడని, ఆయన వచ్చేదాకా ఇక్కడ పులులూ ఎలుగుబంట్లూ తప్ప ఏమీ లేవని మా ఇంట్లో చెప్పుకుంటారు. పులి లెక్క ఏటేటా పెరిగేది. నా చిన్నప్పుడు ఒకటి, నేను డిగ్రీకి వచ్చేసరికి మూడు.

ఇంకో కథ కూడా చెప్పుకునేవాళ్ళం, అది మా నాయనమ్మ మీద. తాతయ్య వచ్చిన కొత్తల్లో ఆమె పుట్టింటి ఇత్తడి బిందెను గూడెం వాళ్ళకు ఇచ్చేశాడట. బిందె పోయిందని మా నాయనమ్మ మూడు రోజులు అలిగి పొయ్యి వెలిగించలేదట. తాతయ్య ఖమ్మం వెళ్ళి కొత్త బిందె కొనుక్కొచ్చాక గానీ ఇంట్లో మెతుకు ఉడకలేదట. పెళ్ళిళ్ళలో, కొత్త కోడళ్ళు కాపురానికి వచ్చినప్పుడు ఈ కథ తప్పకుండా వచ్చేది. బిందె కోసం మొగుణ్ణి పస్తు పెట్టిన మనిషి అని అందరం నవ్వేవాళ్ళం. నాయనమ్మ మాత్రం నవ్వేది కాదు, కోప్పడేదీ కాదు. వక్క నోట్లో వేసుకుని అవతలికి పోయేది. ఎనభై దాటినా ఆమె కళ్ళు బాగా ఆనేవి. చెవులు మాత్రం ఆమెకు కావాలనుకున్నప్పుడే పనిచేసేవి.

ఇట్లా ఉండగా మా ఊరి బొడ్రాయి పగిలింది. పత్తి లోడుతో ఉన్న ట్రాక్టరు వెనక్కి వస్తూ దాన్ని గుద్దింది. బొడ్రాయి అంటే ఊరికి బొడ్డు. అది పగిలాక ఊళ్ళో ఏం జరిగినా దాని ఖాతాలోనే పడింది. రెండు బోర్లు ఎండిపోవడం, ఒకరి ఎద్దు చావడం, ఒక పిల్ల ఇంటర్ తప్పడం, అన్నీ దానివల్లే. చివరికి కొత్త రాయి నిలబెడదామని తీర్మానం అయింది. ఆడబిడ్డలందరినీ పిలవాలి, ఊరి పొలిమేరలు కట్టేయాలి, ఇంటికో బిందె నీళ్ళు తెచ్చి రాయి మీద పొయ్యాలి.

మొదటి బిందె ఎవరిది అన్నదే తగువు. మా ఊరి ఆచారం ప్రకారం, ఆ నేలలో ముందుగా నాగలి పెట్టిన ఇంటిది మొదటి బిందె. ఏటా బొడ్రాయికి నీళ్ళు పోసేటప్పుడు అది మా ఇంటిదే. మా అమ్మ పోసింది, తర్వాత నా భార్య పోసింది. ఎవరూ కాదనలేదు. కానీ ఈసారి రోజులు మారిపోయి ఉన్నాయి. ప్రత్యేక రాష్ట్రం మాట మళ్ళీ గట్టిగా వినిపిస్తోంది. అడవి భూములు సాగు చేసుకునే గిరిజనులకు పట్టాలిస్తామని సర్కారు సర్వే మొదలుపెట్టింది. ప్రతి ఇంట్లో టీవీ ఉంది, ప్రతి టీవీలో చర్చ ఉంది. మా ఊరివాళ్ళకు కూడా అభిప్రాయాలు వచ్చాయి.

సర్పంచి తండా మనిషి. పత్తి వేస్తాడు, తమ్ముడు బ్యాంకులో గుమస్తా, మాట నెమ్మది. ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చి, ఊరి చరిత్ర మూడు పేజీలు రాసిపెట్టమని నన్ను అడిగాడు. ముందు నాగలి పెట్టింది ఎవరో అందులో తేల్చాలి. దాన్ని పంచాయతీలో చదివి, ముద్ర వేసి, రికార్డులో పెడతారు. అందరూ నా పేరే చెప్పారట.

"మీరు రాజులనే ఇడిసిపెట్టలే సార్. మీ తాతను ఇడిసిపెడ్తరా?" అన్నాడు.

నాకు ఛాతీ రెండంగుళాలు పెరిగింది. నిష్పక్షపాతానికి మండలంలో నేనే గీటురాయిని అనుకున్నాను. ఆ రాత్రే రిజిస్టరు తీసి, ఆఖరి పేజీలో, రాజులందరి కింద, మా తాతయ్య పేరు రాశాను.

ఇక్కడ నేను ఒక సంగతి ఒప్పుకోవాలి. రాజులకు మార్కులు వెయ్యడానికి నాకు అయిదు నిమిషాలు పట్టేది. మా తాతయ్యకు వారం పట్టింది. పరిపాలన గడిలో ఏం వెయ్యాలో తెలియక, ఊళ్ళో మొదటి మోట బావి తవ్వించాడు కదా అని పదహారు వేశాను. రైతుల పట్ల తీరు దగ్గర పెన్ను ఆగింది. ఆయన కింద పాలేర్లు ఉండేవాళ్ళు. పొద్దు పొడవక ముందు పనికి వచ్చి, చుక్క పొడిచాక ఇంటికి వెళ్ళేవాళ్ళు. ఇదే పని ఒక జమీందారు చేస్తే నేను నాలుగు వేసి పంపేవాణ్ణి. కానీ మా తాతయ్య పాలేర్లకు పండక్కి బట్టలు పెట్టేవాడు. పైగా ఆ రోజుల్లో అందరూ అంతే కదా. పదకొండు వేశాను. కులం గడిలో, తండా వాళ్ళకు మా గడప అవతలే నీళ్ళు పోసేవాళ్ళని గుర్తుంది. కానీ పోసేవాళ్ళు కదా. పది వేశాను. పరమత సహనంలో, ఖమ్మంలో ఆయనకు ఒక సాయిబు స్నేహితుడు ఉండేవాడు కాబట్టి తొమ్మిది. స్త్రీల స్థితి గడి మాత్రం సులువుగా తేలిపోయింది. భార్య అలిగితే ఖమ్మం దాకా పోయి కొత్త బిందె తెచ్చిన మొగుడు ఆ కాలంలో ఎంతమంది ఉంటారు? పదిహేను వేశాను.

మొత్తం అరవై ఒకటి. ఫస్టు క్లాసు. చెరువులు తవ్వించిన వాళ్ళూ, శాసనాలు చెక్కించిన వాళ్ళూ తప్పిన పరీక్షలో మా తాతయ్య ఒక్కడే పాసయ్యాడు, అదీ ఫస్టు క్లాసులో. గురివింద గింజ తన నలుపు ఎరగదంటారు. నాకు ఆ సామెత అప్పుడు గుర్తుకు రాలేదు. కళ్ళు చెమర్చాయి కూడా.

తర్వాత మూడు పేజీలు రాశాను. "ఆనాటికి ఇది మనుష్య సంచారం లేని కీకారణ్యం" అని మొదలుపెట్టాను. "నాటి పరిస్థితుల దృష్ట్యా" అనే మాట నాలుగుసార్లు వాడాను. ఆ మాట నా చేతి కింద నుంచి ఎంత సులువుగా జారి వచ్చిందో ఇప్పటికీ ఆశ్చర్యమే. నడుమ కాస్త నవ్వు కోసం బిందె కథ కూడా చేర్చాను.

పంచాయతీ ఆఫీసులో చదివిన రోజున తెలుగు పంతులుగారిని కూడా పిలిపించాను, భాష చూస్తారని. అది నా మొదటి పొరపాటు. చదవడం అయ్యాక ఎర్ర కండువా వేసుకునే ఒక పెద్దాయన లేచి, మా తాతయ్య భూస్వామి అన్నాడు, దోపిడీ వర్గం మొదటి బిందె ఎట్లా పోస్తుందని అడిగాడు. నా దగ్గరే పదో తరగతి చదివి, ఇప్పుడు ఉద్యమంలో తిరుగుతున్న కుర్రాడు లేచి, వలస వచ్చినవాడు ఊరికి మూలపురుషుడు ఎట్లా అవుతాడు సార్ అన్నాడు. అడిగే పద్ధతి నేను నేర్పిందే. రాజుల మీద అచ్చం ఇట్లాగే చెయ్యి ఎత్తి అడిగేవాడు. మూడో ఆయన అడవి నరికినందుకు పర్యావరణం గడి కూడా ఉండాలన్నాడు.

నేను లేచి అందరికీ జవాబు చెప్పాను. ఇవాళ్టి మాటలు పట్టుకుపోయి నిన్నటి మనిషికి తగిలించకూడదని, ఆయన్ను ఆయన కాలంలో నిలబెట్టి చూడాలని, ఇవాళ్టి తక్కెడతో నిన్నటి సరుకు తూచకూడదని చెప్పాను. చెబుతూ చెబుతూ గోడవారగా కూర్చున్న పంతులుగారి ముఖం చూశాను. ఆయన నవ్వడం లేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు. నవ్వినా అంత బాధ ఉండేది కాదు.

అప్పుడు తలుపు దగ్గర కింద కూర్చున్న గూడెం పెద్ద లేచాడు. డెబ్భై ఏళ్ళు ఉంటాయి, బక్క పలుచని మనిషి. ఆయన తన వాళ్ళతో కోయలో ఏదో ఒక మాట అని, నా వైపు తిరిగాడు. ఆయన మా తాతయ్యను భూస్వామి అనలేదు, వలస అనలేదు. నేను చదివిన కాగితంలో మొదటి వాక్యం మళ్ళీ చదవమన్నాడు. చదివాను.

"మనిషే లేడు అని రాసిండ్రు సారూ. మా అయ్య ఉండె గద," అన్నాడు.

నేను ఆధారం ఉందా అని అడిగాను. చరిత్రలో ఆధారం లేని మాట కథ అవుతుంది గానీ చరిత్ర కాదని వివరించాను. పులుల కథకు ఆధారం ఉందా అని ఎవరూ అడగలేదు, వాళ్ళ మర్యాద అది.

ఆయన నెమ్మదిగా చెప్పాడు. "నాకు మొదటి బిందె వద్దు సారూ, భూమి గూడ అడుగుత లేను. ఉన్నమని రాయుండ్రి. రేపు సర్వేకు వచ్చినోళ్ళు గీ కాగితం సూసి, నడుమ వచ్చినోళ్ళు మీరు, పట్టా లేదు పొమ్మంటరు."

నాకు అప్పటిదాకా ఆ ఆలోచనే రాలేదు. నేను మా ఇంటి బిందె గురించి, అందంగా ఉంటుందని ఒక వాక్యం రాశాను. దాని కింద పంచాయతీ ముద్ర పడితే గూడెంలో నలభై గడపల పోడు భూమి పోతుంది. తరతరాలుగా ఇక్కడే ఉన్నామని వాళ్ళు చూపించాలి, ఊరి కాగితమే ఇక్కడెవరూ లేరని చెబుతోంది. సర్పంచికి విషయం అర్థమైంది. ముద్ర తీసి సొరుగులో పెట్టేసి, ఆ రోజుల నాటి మనిషి ఎవరైనా ఉన్నారా అని అడిగాడు.

"సారు వాళ్ళ నాయనమ్మ ఉంది గద," అన్నాడు గూడెం పెద్ద.

ప్రత్యక్ష సాక్షి మాట అన్నింటికన్నా బలమైన ఆధారమని ఆ గదిలో సగం మందికి నేనే పాఠం చెప్పాను. కాదనడానికి లేదు. పైగా నాకు ధైర్యంగానే ఉంది. ఎనభై ఏళ్ళు దాటిన మనిషి, మొగుడి పరువు నిలబెట్టదా అనుకున్నాను.

మర్నాడు పొద్దున అందరూ మా వసారాలోకి వచ్చారు. నాయనమ్మ చాప మీద మిరపకాయలు పోసుకుని తొడిమలు తీస్తోంది. సర్పంచి విషయం చెప్పి, మీరొచ్చేనాటికి ఇక్కడ ఏముండే పెద్దమ్మా అని అడిగాడు. ఆమె నా చేతిలోని కాగితాలు చదవమంది. చదివాను. బిందె కథ దగ్గర అలవాటుగా ఒకరిద్దరు నవ్వారు. ఆమె మిరపకాయ తొడిమ తీసి పక్కన పెట్టింది.

"మేం బండి దిగేసరికి ఇక్కడ జొన్నచేను ఉంది. ఎన్నులు విరవడానికి వచ్చి ఉన్నాయి. అడవిలో జొన్న దానంతటదే మొలవదుగా" అంది.

తర్వాత ఆమె చెప్పిందంతా నిదానంగా, కూర ఎట్లా వండాలో చెప్పే గొంతుతోనే చెప్పింది. ఆ చేను గూడెం పెద్ద వాళ్ళ నాన్నది. వాళ్ళ గుడిసెలు అప్పుడు అడవి అంచున కాదు, ఇప్పుడు పంచాయతీ ఆఫీసు ఉన్న చోటే. ఈ పెద్దాయన అప్పుడు ఆరేళ్ళ పిల్లవాడు, మొలతాడు తప్ప ఏమీ లేదు. తాతయ్య ఆ చేను తీసుకున్నాడు. దానికి బదులు ఇచ్చింది రెండు బస్తాల ఉప్పు, ఆమె పుట్టింటి ఇత్తడి బిందె. ఒక కాగితం మీద ఆ తండ్రి చేత వేలిముద్ర వేయించాడు. మరుసటి ఏడు గుడిసెలు అడవి వైపు జరిగాయి. పాత బొడ్రాయి కూడా మా తాతయ్య నిలబెట్టింది కాదు, ఆయన వచ్చేనాటికే ఉంది. ఆయన దానికి సున్నం కొట్టించాడు.

నాకు చెవులు వేడెక్కాయి. అందరి ముందూ నన్ను ఇట్లా నిలబెట్టిందని కోపం వచ్చింది. ఆ కోపంలో నా నోటి నుంచి వచ్చింది మా తెలుగు పంతులుగారి మాటే.

"అప్పుడు అందరూ అట్లాగే చేసేవాళ్ళు నాయనమ్మా. తప్పని ఎవరికి తెలుసు? ఆ కాలం అలాంటిది," అన్నాను.

ఆమె తలెత్తి నన్ను చూసింది.

"ఆ కాలంలో నేను లేనట్రా?"

అంతే అంది. తర్వాత, నా కోసం కాదు, సర్పంచికి చెబుతున్నట్టు మిగతాది చెప్పింది. "బిందె కోసం అలిగానంటారు వీళ్ళంతా. బిందె ఎంత, మా నాన్నకు చెబితే ఇంకోటి పంపడూ? పండిన చేనుకి బిందె ఇస్తావా, ఆ పిల్లలు ఏం తింటారు అని అడిగా. ఆడదానివి నీకేం తెలుసన్నాడు. అందుకే పొయ్యి వెలిగించలా. తెల్లారేసరికి అది కాస్తా బిందె కథ అయి కూర్చుంది."

యాభై అరవై ఏళ్ళు మా ఇంట్లో నవ్వుకున్న కథ అది. ఒక మనిషి ఇది తప్పు అని పక్కనే నిలబడి చెప్పింది. దాన్ని మేం ఇత్తడి మీద ఆశగా రాసుకున్నాం. నేనైతే దాన్ని పట్టుకుని ఆయనకు స్త్రీల గడిలో పదిహేను వేశాను. భూస్వామి అన్నవాళ్ళకూ, వలస అన్నవాళ్ళకూ, కాలం అలాంటిది అన్న నాకూ ఎవరికీ ఆ చేను గురించి తెలియదు. మేమందరం టీవీలో విన్న మాటలతో కొట్టుకుంటున్నాం. తెలిసినవాళ్ళు ఇద్దరే, వాళ్ళను ఎవరూ అడగలేదు. నాకు సిగ్గేసింది.

గూడెం పెద్ద ఇంతలో తన మనవణ్ణి సైకిలు మీద ఇంటికి పంపాడు. గోనెసంచిలో చుట్టి ఒక బిందె తెచ్చారు. పెళ్ళిళ్ళకు మాత్రమే బయటికి తీస్తారట, చింతపండు పెట్టి తోమినట్టున్నారు, మెరుస్తోంది. మా వైపు వాళ్ళకు ఇత్తడి సామాను మీద పేరు కొట్టించడం అలవాటు. దాని మెడ చుట్టూ చుక్కల అక్షరాలు, నాయనమ్మ పుట్టింటి పేరు, ఆమె పేరు. జీవితమంతా పిల్లలకు శాసనాల గురించి చెప్పాను. మా ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క శాసనాన్ని ఆ రోజే చూశాను. ఎర్ర కండువా పెద్దాయన, ఉద్యమం కుర్రాడు కూడా వంగి చదివారు. నాయనమ్మ మాత్రం చదవలేదు. చేత్తో అడుగున తడిమి, "ఇక్కడ సొట్ట ఉండాలి" అంది. ఉంది.

కాగితం మళ్ళీ రాశాను. ఈసారి మూడు పేజీలు పట్టలేదు, ఒక పేజీ చాలింది. "నాటి పరిస్థితుల దృష్ట్యా" ఒక్కసారి కూడా రాలేదు. గూడెం వాళ్ళు మాకన్నా ముందు నుంచీ ఇక్కడే ఉన్నారని, ముందు నాగలి వాళ్ళదని, చూసిన మనిషి చెప్పగా రాశానని రాశాను. నాయనమ్మ వేలిముద్ర వేస్తానంది. సంతకం వచ్చు కదా అంటే, ఆ ముద్రకు ఈ ముద్ర అంది. సర్పంచి పంచాయతీ ముద్ర వేశాడు. సర్వే వాళ్ళు దాన్ని తీసుకున్నారు. కొందరికి పట్టాలు వచ్చాయి, కొందరివి ఇంకా ఏదో ఆఫీసులో ఉన్నాయి. నా కాగితం అంతా చక్కబెట్టింది అని చెప్పుకోవడానికి లేదు.

బొడ్రాయి నిలబెట్టిన రోజున మొదటి బిందె గూడెం పెద్ద భార్య పోసింది, ఆ ఇత్తడి బిందెతోనే. మా బంధువులు కొందరికి నచ్చలేదు. ఒక పెద్దనాన్న రాజకీయాలు ఇంట్లోకి తెచ్చానని నా మీద కోపగించి భోజనానికి కూర్చోలేదు. ఆయన అలకకు మాత్రం ఇంతవరకు ఎవరూ కథ కట్టలేదు. నాయనమ్మ వరసలో అందరితోపాటు నిలబడింది. ఆమె ముందు తండా ఆడవాళ్ళు, వెనక మా వీధివాళ్ళు. ప్లాస్టిక్ బిందెతో నీళ్ళు పోసి, పసుపు రాసి, ఇంటికి వచ్చి కాళ్ళు చాపుకుని కూర్చుంది.

సాయంత్రం నేను రిజిస్టరు తీశాను. అరవై ఒకటి కొట్టేసి మళ్ళీ లెక్కవేస్తున్నాను. ఏం చేస్తున్నావని అడిగింది. చెప్పాను. రాజులకు వేసినట్టే తాతయ్యకూ వేస్తున్నానని, మొదట ఫస్టు క్లాసు వచ్చిందని, ఇప్పుడు ముప్పై దాటడం కష్టమని చెప్పాను. నిజాయితీగా ఉన్నందుకు మెచ్చుకుంటుందని ఒక మూల ఆశ ఉంది. ఆమె మెచ్చుకోలేదు. పాస్ మార్కులు ఎన్ని అని అడిగి తెలుసుకుంది. తర్వాత వక్క కత్తిరించుకుంటూ అంది.

"మూడు రోజులు పొయ్యి వెలిగించలేదని చెప్పాగా. నాలుగో రోజు వెలిగించా. ఆ చేలో జొన్నలే దంచి వండా. పిల్లలకు పెట్టా, నేనూ తిన్నా. అప్పట్నుంచి ఇవాళ్టి దాకా ఆ చేను తిండే. నాకెన్ని వేస్తావు?"

నేను పెన్ను పట్టుకుని అయిదు గళ్ళూ వరసగా చూశాను. ఏ గడిలో వెయ్యాలో తెలియలేదు. ఆ కాలం అలాంటిది అనే మాట నాలుక చివరి దాకా వచ్చి, ఆమెను చూసి వెనక్కి పోయింది.

ఆమె వక్క నోట్లో వేసుకుని, "తొందరేం లేదులే. నీ పేరు కూడా కింద రాసుకో. రాసుకుని, ఆలోచించి వెయ్యి" అంది.